మూడో దగ్గు

హ్యాబిచ్యుయేటెడ్ అనే ఇంగ్లీషు మాటను నేను మొదటిసారి విన్నది నందిగామ కోర్టు వరండాలో. ఎవరిదో ప్రహరీ గోడ కొలత విషయంలో సాక్ష్యం చెప్పమంటే వెళ్ళాను. మాది జగ్గయ్యపేట. ఇళ్ళు కట్టే మేస్త్రీలకు ఇటుక ఎంత పడుతుందో, ఇసుక ఎంత, ఇనుము ఎంతో లెక్క వేసి చెప్పడం నా పని. పదో తరగతి దాటి చదవలేదు. లెక్క నాకు నేనే నేర్చుకున్నాను, తప్పితే మేస్త్రీ తిట్లు తిని దిద్దుకున్నాను. ఆ రోజు మా వంతు కోసం బల్ల మీద కూర్చుని ఉంటే, పక్కన ఒక ప్లీడరు గుమాస్తా కాగితాలు చూసి ఇంకొకరికి చదివి వినిపిస్తున్నాడు. ఫలానా మనిషి తాగుడుకు హ్యాబిచ్యుయేటెడ్. ఇంకో కాగితంలో ఇంకొకడు పేకాటకు హ్యాబిచ్యుయేటెడ్. మరొకడు చిల్లర దొంగతనాలకు. మధ్యాహ్నం దాకా ఆ మాట చెవిన పడుతూనే ఉంది, పడ్డ ప్రతిసారీ పక్కన ఒక చెడ్డ పని ఉంది. ప్రార్థనకు హ్యాబిచ్యుయేటెడ్ అనో, పెందలాడే లేవడానికి హ్యాబిచ్యుయేటెడ్ అనో ఎవరి గురించీ రాయలేదు. అది నేరాలకు మాత్రమే వాడే మాట అనుకుని ఇంటికి వచ్చాను.

కొన్నేళ్ళకు అదే మాటను మా అక్క వాళ్ళ గేదె గురించి విన్నాను.

అక్క వాళ్ళది నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో ఒక ఊరు. బావకు కొంచెం సొంత పొలం, కొంచెం కౌలు. పత్తి, మిరప వేసేవాడు. ఇంటి ముందు రేకుల గేటు, గేటు పక్కన గొడ్ల పాక, అందులో ఒక్క గేదె. ఒక్కతే కూతురు, విజయవాడలో ఇచ్చారు. బావ తక్కువ మాట్లాడే మనిషి. ఆయన మాటల కంటే దగ్గులే ఎక్కువ అని మేం నవ్వుకునేవాళ్ళం. జబ్బు దగ్గు కాదు. పొలం నుంచి వస్తూ గేటు దగ్గర ఆగి, వచ్చానని తెలియడానికి దగ్గేవాడు. రెండు పొట్టి దగ్గులు, కాస్త ఆగి ఒక పొడుగు దగ్గు. తెల్లవారుజామున పొలంలో మోటారు వేసి వచ్చినప్పుడు ఆ దగ్గు వినపడగానే అక్క వంటింట్లోంచి, "ఆ, కాగినయ్" అనేది. గేదె పొదుగు కడగడానికి గోరువెచ్చని నీళ్ళు సిద్ధంగా ఉన్నాయని దాని అర్థం. పెళ్ళయిన కొత్తలో ఇంకో నాలుగు మాటలు కూడా ఉండేవేమో. నాకు తెలిసినప్పటి నుంచి మాత్రం తెల్లవారుజామున ఆ ఇంట్లో వినిపించేవి ఆ దగ్గూ, ఆ జవాబూ, అంతే.

గేదె సంగతి ఇంకొంచెం చెప్పాలి. అది ఈనిన నెల తిరక్కుండానే దూడ చచ్చిపోయింది. దూడ వచ్చి మూతి పెట్టి కుడిస్తే తప్ప గేదె పాలు పొదుగులోకి దించదు. అలా దించడాన్ని మా వైపు చేపడం అంటారు. దూడ పోయిన ఇళ్ళలో ఒక పాత పద్ధతి ఉంది. చచ్చిన దూడ తోలు ఒలిపించి, లోపల ఎండుగడ్డి కూరి కుట్టి, కర్రల కాళ్ళ మీద గేదె ముందు నిలబెడతారు. గేదె దాన్ని నాకుతుంది, నాకుతూ చేపుతుంది. చిన్నప్పుడు ఒకరి పాకలో అలాంటిదాన్ని చూశాను. కళ్ళు ఉండాల్సిన చోట పురికొస కుట్లు ఉన్నాయి. గేదె నాకి నాకి మూతి దగ్గర వెంట్రుకలన్నీ ఊడి తోలు నున్నగా మెరుస్తోంది. అది ఎదురుగా ఉన్నంతసేపూ గేదె కళ్ళలో ఏ అనుమానమూ లేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అందుకే.

బావ ఆ పద్ధతి ఒప్పుకోలేదు. చచ్చినదాన్ని చూపించి పాలు పిండుకోవడం తన వల్ల కాదన్నాడట. దూడ బదులు తననే అలవాటు చేశాడు. రోజూ అదే నీలి గళ్ళ చొక్కా, తలకు అదే తువ్వాలు, గేటు దగ్గర అదే దగ్గు, తర్వాత గేదె మెడ కింద చేత్తో నిమరడం. పత్తి చెక్క, తవుడు కలిపిన దాణా ముందు పెట్టి, ఓపిగ్గా కూర్చునేవాడు. మొదట్లో తన్నింది. పోను పోను, బావ గేటు దగ్గర దగ్గగానే పాకలో గేదె చేపడం మొదలైంది.

ఆ ఏడు పత్తి తీతల కాలంలో బావ మోటారు దగ్గరే గుండె ఆగి పోయాడు.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం గేదె పాలివ్వలేదు. మర్నాడూ ఇవ్వలేదు. పొదుగు రాయిలా గట్టిపడింది. అక్క చెయ్యి వేస్తే తన్నింది. పక్కింటివాళ్ళు చేపడానికి ఇంజక్షన్ వేయించమన్నారు. నేను నందిగామ పశువుల ఆసుపత్రికి వెళ్ళి డాక్టరమ్మను బతిమాలి తీసుకొచ్చాను. చిన్న వయసు, చాలా నెమ్మదస్తురాలు. పొదుగు తడిమి, చెవుల వెనక చెయ్యి పెట్టి చూసింది. గేదె ఆమెను పట్టించుకోకుండా గేటు వైపే చూస్తోంది.

"జబ్బేం లేదండి. ఇది మీ బావగారికి హ్యాబిచ్యుయేటెడ్ అయిపోయింది. ఆయన వస్తాడని చూస్తోంది, అంతే."

ఇంజక్షన్ల మీద పాలు తియ్యొద్దు, కొన్నాళ్ళు కష్టపడి ఇంకో మనిషిని అలవాటు చేయండి అని చెప్పి వెళ్ళిపోయింది. నా మనసు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తాగుబోతు గురించి రాసే మాటను ఈ అమ్మాయి గేదెకు వాడుతోందేమిటి అనుకున్నాను. జగ్గయ్యపేట వెళ్ళాక, బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద ఎప్పుడో కొన్న డిక్షనరీ తీశాను. అలవాటు పడిన, అలవాటు చేయబడిన అని ఉంది. నేరమూ లేదు, తాగుడూ లేదు. మంచికైనా చెడ్డకైనా చెల్లే మాటే, మన కాగితాలు దాన్ని చెడ్డవైపు తిప్పుకున్నాయి. అయితే హ్యాబిట్ అనే చిన్న మాటకూ దీనికీ తేడా ఉందని ఆ రాత్రి అనిపించింది. హ్యాబిట్ మనిషి జేబులో బీడీకట్టలాంటిది, అది వాడిది. హ్యాబిచ్యుయేటెడ్ అన్నప్పుడు మాత్రం ఏదో ఒకటి బయట నిలబడి చాలాకాలంగా వాడి మీద పనిచేసింది. ఆ మాట వాడితే దేనికి అని కూడా చెప్పాలి. తాగుడుకు, పేకాటకు, బావకు. గోడకు ఆనించిన నిచ్చెనలాంటి మాట అది. నా పనిలో నిచ్చెన పడిపోతే తెలుస్తుంది. గోడ తీసేశాక కూడా నిచ్చెన పడిపోకుండా అలాగే వాలి ఉంటే ఏమనాలో నాకు తెలియలేదు.

చర్చివాళ్ళు బావ కోసం పెట్టిన ఆదరణ కూడికకు మళ్ళీ వెళ్ళి, ఆ రాత్రి అక్కడే వసారాలో మంచం వేసుకుని పడుకున్నాను. తెల్లవారుజామున గేటు గడియ చప్పుడైంది. తర్వాత రెండు పొట్టి దగ్గులు. కాస్త ఆగి, ఒక పొడుగు దగ్గు.

లేచి కూర్చున్నాను. ఇంకా మసకగానే ఉంది. గేటు తోసుకుని నీలి గళ్ళ చొక్కా లోపలికి వచ్చింది. తలకు తువ్వాలు. వంగి, గేదె మెడ కింద నిమిరింది. ఆ వంగడం కూడా బావదే, ఎడమ మోకాలు కాస్త ముందుకు పెట్టి. తర్వాత తపేలాలో పాలు పడుతున్న చప్పుడు వినిపించింది. మొదట రేకు మీద పడ్డట్టు సన్నగా, తర్వాత నురగలో పడి మెత్తగా. నేను మంచం మీద అలాగే ఉండిపోయాను. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాక తెలిసింది, అక్క.

"చేపిందిరా," అంది, నన్ను చూసి. ముఖంలో నవ్వులాంటిది ఉంది. బావ పోయాక ఆ ముఖంలో ఏదైనా కనిపించడం అదే మొదలు. అందుకని లేచి వెళ్ళి తపేలా అందుకున్నాను. మంచి ఉపాయమే అనుకున్నాను కూడా.

పాల కేంద్రం దగ్గర ఆడవాళ్ళు అక్కను ఆట పట్టించేవాళ్ళట. మీ ఆయన కౌలు పొలం ఆసామికి పోయినా దగ్గు మాత్రం నీకే రాసిచ్చాడే అని ఒకామె అందట. అక్క కూడా నవ్విందట. ఊళ్ళో జనం త్వరగానే దానికి అలవాటు పడిపోయారు. తెల్లవారుజామున ఆ గేటు దగ్గర బావ దగ్గు వినిపించడం వాళ్ళకు ముందునుంచీ ఉన్నదే కదా.

అలవాటు పడలేనిది మా మేనకోడలు ఒక్కతే. దానికి అది తొలి కాన్పు. ఏడో నెలలో తల్లిని చూసి, పురిటికి ఎప్పుడు రావాలో మాట్లాడుకుందామని వచ్చింది. నాలుగు రోజులుందామనుకున్న పిల్ల మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయింది. సాయంత్రం నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు, చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"మావయ్యా, అమ్మ గేదె కోసం చేస్తోందని నాకూ తెలుసు. అది కాదు. నాన్న గేటవతల దగ్గాడు. దానికి అమ్మ పలికింది, కాగినయ్ అని. కానీ వంటింట్లోంచి పలకలా. గేటవతల నుంచే పలికింది, దగ్గు వచ్చిన చోటు నుంచే. అది ఆగితేనే నేను పురిటికి వస్తా. లేకపోతే ఇక్కడే ఏదో ఆసుపత్రిలో కంటా."

పిల్ల అత్తగారింట్లో చేసేవాళ్ళు లేరు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, నాలుగడుగులు నడవలేదు. పిల్లకు రావాలనే ఉంది. అక్కకు పురుడు పోసి పంపించేదాకా పిల్లను దగ్గర పెట్టుకోవాలనే ఉంది. పురుటి మంచం బాగు చేయించి, పాత చీరలు ఉతికి మడతలు పెట్టి ఉంచింది. ఇద్దరి మధ్యా అడ్డం ఉన్నది ఒక్క దగ్గు. అది ఆగకపోతే కూతురు తొలి కాన్పు పరాయి చేతుల మీదుగా అయిపోతుంది, ఆ తర్వాత తల్లీకూతుళ్ళు ఎప్పటిలా ఉండరని నాకు అనిపించింది.

అక్కకు ఫోన్ చేసి గేదెను అమ్మేయమన్నాను. అక్క సరేనంది. మధిర వైపు నుంచి ఒక బేరగాడు వచ్చాడు. పాలు పిండి చూస్తానని కూర్చున్నాడు. గేదె ఒక్క చుక్క దించలేదు, పైగా తపేలాను తన్నింది. అతను లేచి పంచె దులుపుకుని అక్కతో అన్నాడట, "అమ్మా, ఈ బర్రెకు గడ్డి గాదు, మనిషి గావాలె. మనిషిని గూడ తోలిస్తె కొంట." అతను సరదాకే అన్నాడు. అక్క ఆ మాట నాకు చెప్పేటప్పుడు నవ్వలేదు. చేపని గేదెను పాడి కోసం ఎవరూ కొనరు, కోతకు కొంటారు. దానికి అక్క ఒప్పుకోదు. వట్టిపోయేదాకా ఆగుదామంటే పురుడు ముందొస్తుంది.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఉన్నవన్నీ ఒకేసారి తీసేయకండి, ఒక్కొక్కటి తీయండి, దాని బదులు ఆమెదంటూ ఒకటి పెట్టండి అంది. అది నాకు బాగా అర్థమైంది. స్లాబు పోశాక దాన్ని కింద నుంచి మోసే సెంట్రింగ్ కర్రలు అన్నీ ఒకేసారి లాగరు. ఎక్కడ బరువు తక్కువో అక్కడ మొదలుపెట్టి, ఒకటి తీసి ఆగి, మళ్ళీ ఒకటి తీస్తారు. గేదెను పట్టి నిలబెట్టినవి నాలుగు: తువ్వాలు, చొక్కా, మెడ కింద నిమరడం, దగ్గు. తువ్వాలుతో మొదలుపెట్టి దగ్గును చివర తీయాలన్నాను. కొత్తగా పెట్టేది తపేలా చప్పుడు. పాకలోకి వెళ్ళగానే తపేలాకు వేలాడే కడియం రెండుసార్లు టంగుమనిపించాలి. అక్క తలూపింది.

తువ్వాలు తీసిన రోజు గేదె కాస్త ఆలస్యంగా చేపింది, తర్వాత సర్దుకుంది. కొన్నాళ్ళకు చొక్కా పెట్టెలోకి వెళ్ళింది. నిమరడం కూడా అక్క తన పద్ధతిలోకి మార్చుకుంది, మెడ కింద కాకుండా వీపు మీద. వీలైనప్పుడల్లా నేను జగ్గయ్యపేట నుంచి బస్సులో నందిగామ, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు వెళ్ళి చూసి వస్తున్నాను. ఫోన్లో అడిగితే, బానే ఇస్తోందిరా అనేది. ఇక దగ్గు కూడా మానేయక్కా అంటే, రేపటి నుంచి అనేది. ఆ రేపు రాలేదు. మేనకోడలికి తొమ్మిదో నెల వచ్చింది.

చివరికి ఒకసారి చెప్పకుండా వెళ్ళి, రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లవారుజామున అక్క కంటే ముందే లేచి పాకలో గడ్డిమోపు వెనక కూర్చున్నాను. గేదెను దగ్గర నుంచి చూడాలి, దగ్గు తీసేస్తే ఏమవుతుందో అంచనా కట్టాలి, అంతే నా ఉద్దేశం. అక్క వచ్చింది. తపేలా కడియం టంగుమంది, రెండుసార్లు. మరుక్షణం గేదె వెనక కాళ్ళు ఎడం చేసి నిలబడింది. చన్నుల చివర్ల పాలు ఊరి, బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి.

అక్క అది చూసింది. ఒంగి కారుతున్న పాల వైపు చూసింది కూడా. తర్వాత తపేలా అక్కడే పెట్టి, మెల్లగా నడిచి, గేటు తీసుకుని బయటికి వెళ్ళింది. గేటు వేసింది. రెండు పొట్టి దగ్గులు. కాస్త ఆగి, పొడుగుది. ఆ తర్వాత తన గొంతుతో, "ఆ, కాగినయ్."

పాకలో గేదె చెవి కూడా కదల్చలేదు. నెమరు వేస్తూ నిలబడి ఉంది. ఆ దగ్గుకూ దానికీ ఇక ఏ సంబంధమూ లేదు. అయినా గేటవతల ఇద్దరు మాట్లాడుకున్నారు.

అక్క లోపలికి వచ్చి పొదుగు దగ్గర కూర్చున్నప్పుడు నేను గడ్డిమోపు వెనక నుంచి లేచాను. అక్క ఉలిక్కిపడలేదు. నేను అక్కడ ఉంటానని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"అక్కా, నువ్వు గేటు దాటకముందే ఇది చేపింది."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"చొక్కా తీసినప్పట్నుంచీ. తపేలా చప్పుడు చాలు దానికి. గొడ్డుకేంరా, కొత్తది చూపిస్తే పాతది మర్చిపోద్ది."

"మరి దగ్గు?"

పాలు తీయడం ఆపలేదు. రెండు చన్నులు ఖాళీ చేసింది. తర్వాత అంది, "దగ్గకపోతే నాకు తెల్లారదురా."

రేపు మానేద్దామనుకునే రోజూ పడుకుంటుందట. పొద్దున కాళ్ళు వాటంతటవే గేటు దాకా తీసుకుపోతాయట. ఒకసారి పళ్ళు బిగించి లోపలే కూర్చుందట. అప్పుడు పాకలో, ఇంట్లో, వీధిలో ఎక్కడా ఏ చప్పుడూ లేదట. నీళ్ళు కాగి కాగి ఇగిరిపోతున్నా లేవలేకపోయిందట, ఎవరో రావాల్సి ఉండి రానట్టు. చివరికి లేచి గేటు బయటికి పోయి దగ్గితే ఊపిరాడిందట. పాస్టరు గారికి చెబితే, ప్రభువునందు నిద్రించినవాళ్ళను లేపకూడదమ్మా అన్నాడట. నేనెక్కడ లేపుతున్నా, ఆయనే నన్ను లేపుతున్నాడు అని లోపల అనుకుని ఊరుకుందట.

డిక్షనరీలో చూసినప్పుడు నేను ఆ మాటను గేదెకే అన్వయించుకున్నాను. డాక్టరమ్మ కూడా గేదెనే చూసింది. దగ్గుకు పొదుగులో పాలు దిగుతున్న నెలలన్నీ అదే దగ్గుకు వంటింట్లో ఒక మనిషి పలుకుతోందని, పెళ్ళయిన నాటి నుంచీ పలుకుతోందని మేం ఎవరమూ లెక్కలోకి తీసుకోలేదు. గేదె కింద కర్రలు ఒక్కొక్కటే జాగ్రత్తగా తీయించాను. అక్క కింద ఎన్ని ఉన్నాయో చూడలేదు.

"అది బయటివాళ్ళకి ఎలా వినిపిస్తుందో నీకు తెలుసా అక్కా?"

"నేనేగా దగ్గేది. తెలీకేం?"

తెలియదని నాకు అప్పుడు అర్థమైంది. బావ పోయిన తర్వాత ఆ దగ్గును ఊరంతా విన్నది, కూతురు విన్నది, నేను విన్నాను. అక్క ఒక్కతే వినలేదు. దగ్గే మనిషికి అది గొంతులో పనిగా తెలుస్తుంది, గేటవతల నుంచి వచ్చే మనిషిగా తెలియదు. అందుకని, రేపు పొద్దున నువ్వు వంటింట్లో ఉండు, నేను దగ్గుతాను అన్నాను. ఒక్కసారి లోపలి నుంచి విను, ఆ తర్వాత నీ ఇష్టం, నేనిక ఆ ఊసు ఎత్తను.

అక్క పాలు వంటింట్లోకి తీసుకెళ్ళింది. సాయంత్రం తనే పెట్టె తీసి చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. "వేసుకో. లేకపోతే నడకలోనే నువ్వని తెలిసిపోద్ది," అంది. లోపల ఉండి వినే మనిషికి చొక్కా ఎలా కనిపిస్తుందని నేను అడగలేదు.

మర్నాడు గేటు బయట నిలబడ్డాను. చొక్కా నాకు భుజాల దగ్గర వదులు. మోటారు గ్రీజు వాసన, కింద ఎక్కడో మిరప ఘాటు. వీధిలో ఎవరూ లేరు. వంటింటి కిటికీలో పొయ్యి వెలుగు కదులుతోంది. నేను బావలా ఎప్పుడూ దగ్గి చూడలేదు; ముందు సాధన కూడా చేయలేదు, చేయాలంటే ఎందుకో మనసొప్పలేదు. గేటు మీద చెయ్యి వేసి ఒక పొట్టి దగ్గు దగ్గాను. అది నా గొంతు కాదు. రెండోది కూడా అలాగే వచ్చింది. ఆగాల్సినంత ఆగాను. మూడోదానికి ఊపిరి తీసుకున్నాను. మూడోది రాలేదు.

రాలేదని నాకు గట్టిగా తెలుసు. లెక్క విషయంలో నేను పొరబడే మనిషిని కాదు. రెండే దగ్గాను, నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

అప్పుడు పాకలో గేదె తల తిప్పింది. కొన్ని వారాలుగా ఆ దగ్గుకు చెవి కూడా ఆడించని గేదె పలుపు లాక్కుని గేటు వైపు చూసింది. నా వైపు కాదు. నాకు కుడి పక్కన, మనిషి నిలబడేంత ఖాళీ ఉన్న చోటుకు చూసింది. నేను అటు చూడలేదు.

వంటింట్లో జవాబు రాలేదు. కాసేపటికి గిన్నె కిందపడ్డ చప్పుడు, నీళ్ళు పొయ్యిలో పడి బుస్సుమన్న చప్పుడు. అక్క గడప దాకా వచ్చి ఆగిపోయింది. గడప దాటలేదు. ముఖం పాలిపోయి ఉంది. నన్ను చూస్తున్నట్టు లేదు, చొక్కాను చూస్తోంది.

"తియ్యి," అంది. "తియ్యరా ఆ చొక్కా."

తీసి గేటు మీద వేశాను. అక్క గడప మీద కూర్చుండిపోయింది. దగ్గరికి వెళ్ళి పట్టుకుంటే చేతులు చల్లగా ఉన్నాయి.

"మూడూ విన్నా," అంది. "పలకాలనుకున్నా. నోరు రాలా. ఇదేనా అది విన్నది? కడుపుతో ఉన్న పిల్ల ఇదేనా విన్నది?"

అప్పుడు నేను, రెండే అక్కా అనబోయి ఆగిపోయాను. ఆమె ఇంకా మాట్లాడుతోంది.

"గడ్డి కూరిన దూడని పెట్టొద్దన్నాడురా ఆయన. నేనేమో ఆయన్నే గడ్డి కూరి గేటు దగ్గర నిలబెట్టా. రోజూ పోయి నాకుతున్నా."

పాకలో గేదె మళ్ళీ నెమరు వేస్తోంది. అక్క లేచి, చన్నీళ్ళతోనే పొదుగు కడిగి, కడియం టంగుమనిపించి పాలు తీసింది. తీసేంతసేపూ గేటు వైపు వీపు పెట్టి కూర్చుంది. పాలు పొయ్యి మీద పెట్టాక, పిల్లకు ఫోన్ కలపమంది. ఫోన్ తీసుకుని ఒకటే మాట చెప్పింది, "మానేసానమ్మా, రా."

మేనకోడలు ఆ వారంలోనే వచ్చింది. వచ్చిన రాత్రి నేనూ అక్కడే ఉన్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చి వింటూ పడుకున్నాను. గడియ చప్పుడు కాలేదు. తపేలా కడియం మోగింది, పాలు పడ్డాయి, కోడి కూసింది. పిల్ల మాత్రం ఏమీ తెలియకుండా ఎండ వచ్చేదాకా నిద్రపోయింది. లేచి, ఇంత పొద్దెక్కిందా అమ్మా, లేపలేదేం అని అడిగింది. అక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

నందిగామ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చాక, గేదె కోసం కాగే నీళ్ళ పొయ్యి మీదే బిడ్డ స్నానానికీ నీళ్ళు కాగాయి. పొత్తిగుడ్డలకు పాత చీరలు చాలక, అక్క పెట్టెలోంచి నీలి గళ్ళ చొక్కా తీసి కూతురి వైపు చూసింది. మేనకోడలు దాన్ని చేతుల్లోకి తీసుకుని, బుగ్గకు ఆనించుకుని, మెత్తగా ఉందమ్మా, చించు అంది. బొత్తాలు కోసి పక్కన పెట్టి, అక్క దాన్ని నాలుగు ముక్కలు చేసింది.

నేను జగ్గయ్యపేట బయలుదేరిన రోజు అక్క ఆటో దాకా వచ్చింది. ఆటో ఇంకా నిండలేదు, డ్రైవరు జనం కోసం చూస్తున్నాడు. అక్క చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఒరేయ్, ఆ రోజు రెండు దగ్గి కాస్త ఆగావు గదా. మూడోది చాలా పొడుగ్గా వచ్చింది, అచ్చం ఆయనలాగే. అది కూడా నువ్వే గదా?"

దీని గురించి నేను ఆలోచించని రోజు లేదు. నాకు తోచిన సమాధానం ఒకటి ఉంది. రెండు విన్న చెవి, ఎన్నో ఏళ్ళు మూడు విన్న చెవి, మిగిలినదాన్ని తనే పూరించుకుని ఉంటుంది. డాక్టరమ్మ మాటను అక్క చెవికి కూడా వాడొచ్చు. అలా వాడితే లెక్క సరిపోతుంది. గేదె తల తిప్పడం ఒక్కటే అందులో ఇమడదు.

అక్క నా ముఖంలోకే చూస్తోంది. కుడిచేతికి బిడ్డ నలుగు పిండి ఇంకా అంటుకుని ఉంది. నేను రెండు అంటే ఈమె రేపు తెల్లవారుజామున మళ్ళీ గేటు దగ్గరికి వెళుతుంది, ఆ మూడోదాని కోసం. ఒక్క ఇటుక తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి కూడుకునే మనిషిని నేను.

"నేనేనక్కా. మూడూ నేనే దగ్గా," అన్నాను.

"అంతేలే," అంది. "నీళ్ళు పొయ్యి మీద పెట్టి వచ్చా, బిడ్డ స్నానానికి పొద్దెక్కిపోద్ది." వెనక్కి తిరిగి, గేటు తీసుకుని, దాని దగ్గర ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.